ఎవరి కాలూ పడని చోట

మా ఇంటి షెడ్డులో నలభై ఒక్క కాఫీ డబ్బాలు ఉండేవి. ఒక్కదాంట్లోనూ కాఫీ ఉండేది కాదు. అన్నిట్లోనూ గులకరాళ్ళే. సెయింట్ ఓడిల్ బేస్‌బాల్ గ్రౌండులో మా నాన్న లియాండర్ థీలెన్ ముప్ఫై ఏళ్ళకు పైగా ఏరి తెచ్చిన రాళ్ళవి. ఈ దరిద్రం ఇంట్లో ఎందుకు, పారెయ్యొచ్చు కదా అని అమ్మ అడిగితే, పారేస్తే మళ్ళీ అక్కడికే చేరతాయనేవాడు. రాళ్ళకు కాళ్ళుంటాయా అని నేను నవ్వేదాన్ని. ఎందుకు ఏరుతున్నావు నాన్నా అని మాత్రం 1986 వేసవి దాకా నాకు అడగాలని తోచలేదు.

మాది మిన్నెసోటాలో పాడి మీద బతికే చిన్న ఊరు. ఆదివారం పొద్దున చర్చిలో పూజ, మధ్యాహ్నం రెండింటికి ఆట. ఈ రెంటిలో దేనికి రాకపోతే పెద్ద పాపమో మా ఊళ్ళో ఎవరూ తేల్చుకోలేదు. నేను బడిలో వంటమనిషిని. ముప్ఫై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, వేసవంతా సెలవు. కాబట్టి ఇంట్లో ఎవరికి ఏది పోయినా వెతికే పని నాదే. అమ్మ కళ్ళజోడు, నాన్న టోపీ, చివరికి ఆ ఏడాది దొంగ కూడా. దొంగ అంటే వస్తువు ఎత్తుకెళ్ళినవాడు కాదు. పని ఎత్తుకెళ్ళినవాడు.

అసలు గొడవ మే నెలాఖర్న మొదలైంది. బంతి విసిరే పిచ్చర్ మట్టిదిబ్బ మీద నిలబడతాడు కదా, విసిరిన ప్రతిసారీ ముందుకు వేసిన కాలు ఒకేచోట పడుతుంది. ఆట అయ్యేసరికి అక్కడ గుంట తేలుతుంది. మర్నాడు ఆ గుంట ఊడ్చి, తడిపి, బంకమన్ను పెట్టి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఆ పని నాన్నది. గ్రౌండు గేటు తాళంచెవి ఆయన మొలలోనే ఉండేది. ఆ ఆదివారం మిల్ ప్రైరీ అనే పక్కూరి నుంచి వచ్చిన పిచ్చర్ మూడో బంతి వేస్తూ కూలబడ్డాడు. చీలమండ మెలికపడింది. గుంట సగమే పూడి ఉంది. పెట్టిన మన్ను దాని పక్కన ముద్దలా లేచి ఉంది.

ఆ సాయంత్రం డ్వేన్ కోస్ట్ మా ఇంటికి వచ్చాడు. జట్టు వ్యవహారాలు చూసేది అతనే. పశువుల దాణా కొట్టు నడుపుతాడు. నా కంటే రెండేళ్ళు చిన్న. గుమ్మంలో టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"లియాండర్ గారూ, మీరంటే నాకు గౌరవం. కానీ ఇంకొక్కడి కాలు మెలికపడితే కమిటీ తాళంచెవి అడిగేస్తుంది. అప్పుడు నా వల్ల కాదు."

"ఆ గుంట నేను పూడ్చాను" అన్నాడు నాన్న.

డ్వేన్ నావైపు చూశాడు. నేను నేల చూశాను. నాన్న కళ్ళ మధ్యలో మసక మచ్చ పడి ఏడాదిన్నర అయింది. పక్కన ఉన్నవి కనిపిస్తాయి, సూటిగా చూసినది కనిపించదు. కళ్ళజోడుతో బాగుపడేది కాదన్నాడు డాక్టరు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని నాన్న అమ్మ దగ్గరా నా దగ్గరా మాట తీసుకున్నాడు. ఆ తాళంచెవి పోతే ఆయనకు పొద్దున లేచి వెళ్ళడానికి చోటంటూ ఉండదు. నాకు భయమేసింది. గ్రౌండు పోతుందని కాదు, గ్రౌండు పోయాక మా నాన్న ఎలా ఉంటాడో అని.

తరువాతి సోమవారం ఆయన రోజూలాగే ఏడింటి పూజకు వెళ్ళి, ఎనిమిదింటికి గ్రౌండుకు వెళ్ళి, అరగంటలో తిరిగి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

ఎవడో నా దిబ్బ ముట్టుకున్నాడన్నాడు. గుంటలు పూడ్చి, దిమ్మిస కొట్టి, తడి గోనెపట్టా కప్పి మరీ పోయాడట. పని ఎలా ఉందని అమ్మ అడిగింది. ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, బాగుందన్నాడు. అదే ఆయన బాధ.

నాన్న లెక్క ప్రకారం ఇది డ్వేన్ పని. కొత్తవాణ్ణి పెట్టి చాటుగా తర్ఫీదు ఇస్తున్నాడు, ఎండాకాలం చివర తాళంచెవి లాక్కుని వాడి చేతిలో పెడతాడు. నాకూ అలాగే అనిపించింది. వారం వారం అదే తంతు. ఆదివారం ఆట, సోమవారం పొద్దున దిబ్బ సిద్ధం. నాన్న గేటుకు కొత్త తాళం వేశాడు. మొక్కజొన్న చేను వైపు కంచె మోకాలెత్తు ఉంటుందని, తాళం ఎందుకని అమ్మ అంటే వినలేదు. అడుగుజాడలు పడతాయని దిబ్బ చుట్టూ మైదాపిండి చల్లాడు. పొద్దున చూస్తే పిచ్చుక జాడలు పడ్డాయి. అమ్మ పిండి డబ్బా మీద చెయ్యి వేస్తే ఊరుకోనంది.

నేను దాణా కొట్టుకు వెళ్ళి డ్వేన్‌ని నిలదీశాను. కోడిపిల్లల దాణా బస్తా కుడుతున్నాడు. ఎవర్ని పెట్టావని అడిగితే ఎవర్నీ పెట్టలేదన్నాడు. మరి ఎవరు చేస్తున్నారంటే, ఎవరికీ కాలు మెలికపడలేదు కదా వెరీనా అన్నాడు. తలెత్తకుండా. వీడి దగ్గర ఏదో గుట్టు ఉందని నాకు అప్పుడే అర్థమైంది. ఉన్నదేమిటో మాత్రం పూర్తిగా తప్పుగా అనుకున్నాను.

ఇక్కడ మా పెదనాన్న సంగతి చెప్పాలి. అలోయిస్ థీలెన్, నాన్నకు మూడేళ్ళు పెద్ద. ఊరి చివర ఆవుల్ని పెట్టుకుని ఒంటరిగా ఉంటాడు. ప్రతి ఆదివారం, బంతి కొట్టేవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక కర్రకుర్చీలో కూర్చుని స్కోర్ బుక్ రాస్తాడు. ఎవరు కొట్టారు, ఎవరు వదిలారు, అంతా ఆ పుస్తకంలో ఆయన పెన్సిలుతో రాసిందే ఖాయం. నాన్నకూ ఆయనకూ మాటల్లేవు. 1953 నుంచి లేవు. ఇంట్లో ఆయన పేరు ఎత్తేవాళ్ళం కాదు. తప్పనిసరైతే నాన్న 'ఆ పెన్సిలుగాడు' అనేవాడు.

ఊళ్ళో అందరికీ తెలిసిన కథ అది. ఆ ఏడు మా నాన్న పిచ్చర్. ఒక ఆటలో ఎనిమిది ఇన్నింగ్స్, తొమ్మిదోదాంట్లో ఇద్దరు అవుటయ్యేదాకా ఎదుటివాళ్ళకు ఒక్క హిట్ కూడా, అంటే ఫీల్డర్ తప్పు లేకుండా బంతి కొట్టి బేస్ చేరే వీలు, ఇవ్వలేదు. ఇంకొక్కడు అవుటైతే చాలు, పిచ్చరన్నవాడు జన్మంతా చెప్పుకునే ఆట అయ్యేది. ఆఖరివాడు కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ రెండో, మూడో బేసుల మధ్య కాచే షార్ట్‌స్టాప్ కుర్రాడి దగ్గరికి పోయింది. వాడు పట్టలేకపోయాడు. అది వాడి తప్పు అని రాస్తే నాన్న ఆట నిలుస్తుంది, హిట్ అని రాస్తే పోతుంది. పెదనాన్న హిట్ అని రాశాడు. నాన్న దిబ్బ దిగి వచ్చి, ఊరంతా చూస్తుండగా, సొంత తమ్ముడి నోట్లో మట్టి కొట్టావని అరిచాడట. పెదనాన్న ఒక్క మాట అనలేదట. అంతే, ముప్ఫై మూడేళ్ళు.

జులై రెండో సోమవారం నేను కూడా నాన్న వెంట గ్రౌండుకు వెళ్ళాను. దొంగని పట్టే పని ఆయన ఒక్కడి వల్ల అయ్యేలా లేదు. గోనెపట్టా ఎత్తి చూస్తే రెండు గుంటలూ, పిచ్చర్ ముందుకు వేసిన కాలు పడే చోటుదీ, వెనక కాలు ఆనే చోటుదీ, నున్నగా పూడి ఉన్నాయి. కానీ మూడో మచ్చ ఒకటి కనిపించింది. బంతి కొట్టినవాడు ముందుగా పరుగెత్తే ఒకటో బేస్ వైపు, మిగతా రెంటికీ దూరంగా, పళ్ళెమంత తడి. అక్కడా దిమ్మిస కొట్టారు. మా పిచ్చర్లు నలుగురూ కుడిచేతి వాటమే. అక్కడ ఎవరి కాలూ పడదు. ఎంత వంకరగా విసిరినా పడదు.

"నాన్నా, నీ దొంగకి కూడా కళ్ళు సరిగా లేవు" అన్నాను. "గుంట లేని చోట కూడా కొట్టాడు. ఇదిగో, ఇక్కడ."

చేయి పట్టుకుని చూపించాను. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఆ తడి మీద అరచెయ్యి పెట్టాడు. వేళ్ళు విప్పి అటూ ఇటూ తడిమాడు. ఏదో ఎగతాళి చేస్తాడని నేను ఎదురు చూస్తున్నాను. ఆయన ఆ చెయ్యి తియ్యలేదు. చాలాసేపు తియ్యలేదు.

"ఏంటి నాన్నా?"

"ఏంలేదు" అన్నాడు లేస్తూ. ప్యాంటుకు చెయ్యి తుడుచుకోబోయి మానేశాడు. "ఇంక వెతకొద్దులే. పోనీ."

నెలన్నర నుంచి నిద్రాహారాలు మాని దొంగ దొంగ అన్న మనిషి పోనీ అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికి రాగానే అమ్మకు చెప్పాను. అమ్మ 'పై' అనే తీపి వంటకం కోసం పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతోంది.

"ఒకటో బేస్ వైపా?" అంది. "మీ నాన్నది ఎడమచేతి వాటం కాదూ. కాలు అడ్డంగా వేసి విసిరేవాడు. చూసేవాళ్ళకి పడిపోతాడేమో అనిపించేది. ఆ కాలు అక్కడే పడేది."

"నీకెలా తెలుసు?"

"పెళ్ళికి ముందు ఆయన కాళ్ళు కాక ఇంకేం చూస్తాననుకున్నావు. బంతి చూడ్డం నాకు ఇప్పటికీ రాదు." ఇంకో నాలుగు ముక్కలు తరిగి, ఏదో గుర్తొచ్చినట్టు అంది. "సోమవారాలు మీ పెదనాన్న పూజకి రావట్లేదే. మంగళవారం వస్తాడు, బుధవారం వస్తాడు. సోమవారం ఆ బెంచీ ఖాళీ. ఒంట్లో బాగుందా అని ఫాదర్ కూడా అడిగాడు."

చెప్పి, చక్కెర డబ్బా ఇలా అందుకోమంది. ఈవిడకు ఇదంతా ఎన్నాళ్ళ నుంచి తెలుసో నేను ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను.

తరువాతి సోమవారం పూజ అయ్యాక నాన్న బయటికి రాలేదు. చర్చి కింద గదిలో ముసలివాళ్ళంతా కాఫీ తాగుతుంటారు. నాన్న ఎప్పుడూ ఒక కప్పు నిలబడే తాగి గ్రౌండుకు పరుగెత్తుతాడు. ఆ రోజు కూర్చున్నాడు. రెండో కప్పు పోయించుకున్నాడు. నేను మెట్ల మీద నుంచి చూసి, వెనక్కి తిరిగి గ్రౌండుకు నడిచాను.

మొక్కజొన్న చేను పక్కన ఆకుపచ్చ పాత ట్రక్కు ఆగి ఉంది. పెదనాన్న దిబ్బ మీద మోకాళ్ళ మీద కూర్చుని బంకమన్ను పిసుకుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"నువ్వా వెరీనా. ఆ నీళ్ళ డబ్బా ఇటు జరుపు."

జరిపాను. "నాన్నకి తెలిసిపోయింది పెదనాన్నా."

"తెలిస్తే ఈ పాటికి ఈ దిమ్మిస నా నెత్తి మీద ఉండేది."

"చర్చిలో కూర్చుని రెండో కప్పు కాఫీ తాగుతున్నాడు."

మన్ను పిసికే చేతులు ఆగాయి. "వాడు రెండో కప్పు తాగడే. గుండె దడ అంటాడు."

"ఇవాళ తాగుతున్నాడు. చాలా నెమ్మదిగా తాగుతున్నాడు."

ఆయన దిబ్బ అంచున చతికిలబడ్డాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మోచేతుల దాకా మన్ను. మేలో మిల్ ప్రైరీ కుర్రాడు పడిపోయినప్పుడే తనకు అర్థమైందన్నాడు. గుంట పక్కన మన్ను ముద్ద చూశాడట. లియాండర్ చేతిపని అలా ఉండదు, కళ్ళు పోయుంటాయి అనుకున్నాడట. వచ్చి చెప్పడానికి మాటల్లేవు కదా, అందుకని ఇలా వచ్చానన్నాడు.

ఆ మూడో చోటు ఎందుకు కొడుతున్నావు, అక్కడ ఎవరి కాలూ పడదు కదా అని అడిగాను.

"కొడతానా?" అని తిరిగి చూసుకున్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చెయ్యి దానంతటదే పోయుంటుంది. ఆ రోజుల్లో వాడి దిబ్బ నేనే కొట్టేవాణ్ణి. రోజూ అక్కడే."

అప్పుడు అడిగేశాను. ముప్ఫై మూడేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ అడగని మాట. ఆ బంతి నిజంగా హిట్టేనా?

"హిట్టే" అన్నాడు. "కుర్రాడి తప్పేం లేదు. వాడు సరిగ్గా దాని ముందే ఉన్నాడు. బంతి రాయి మీద పడి భుజం మీంచి ఎగిరిపోయింది. నేను చూశాను, నా కళ్ళారా. రాయి తగిలి ఎగిరితే హిట్ అని రాయాలి. అది రూలు."

"మరి ఆ మాట నాన్నతో చెప్పొచ్చు కదా. అంత అరిచాడు కదా ఆ రోజు."

"ఆ పొద్దున గ్రౌండుకి గొర్రు లాగి రాళ్ళు ఏరింది ఎవరనుకున్నావు?" నా వైపు చూడకుండా అన్నాడు. "వాడే. నీ రాయే నీ ఆట చెడగొట్టిందిరా అని ఊరందరి ముందూ చెప్పమంటావా? నన్ను తిట్టుకుంటే పోయేదేముంది. తిట్టుకోనీ."

నలభై ఒక్క డబ్బాలు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. చిన్నప్పుడు ఆ డబ్బాలు గలగలలాడించి ఆడుకునేదాన్ని.

"ఆయనకి తెలుసు పెదనాన్నా" అన్నాను. "అప్పుడే తెలుసు." డబ్బాల సంగతి చెప్పాను. ఎన్ని అని అడిగాడు. నలభై ఒకటి అన్నాను.

"నలభై ఒకటా" అని, మన్ను చేతులతోనే కళ్ళజోడు తీయబోయి, అద్దాలకంతా పూసుకున్నాడు. నా గౌను అంచుతో తుడిచి ఇచ్చాను. ఏడుపొచ్చింది, కానీ నవ్వు కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే మాట దాచుకుని, ఒకరి మీద ఒకరు ఎంత పంతం పట్టారో చూడండి.

ఇంటికి వచ్చాక నేనేమీ చెప్పలేదు. నాన్న ఏమీ అడగలేదు. దిబ్బ ఎలా ఉందని మాత్రం అడిగాడు. బాగుందన్నాను. ఆ తరువాత నాలుగు సోమవారాలూ ఆయన రెండేసి కప్పులు తాగాడు. మధ్యాహ్నం దాకా గుండె దడ అని గొణుక్కుంటూ ఉండేవాడు.

ఆగస్టులో కమిటీ కూర్చుంది. పిలవకుండానే నాన్న వెళ్ళాడు, నన్ను కూడా తీసుకెళ్ళాడు. మొలలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు కనిపించడం లేదు" అన్నాడు. "మేలో ఆ కుర్రాడు పడింది నా వల్లే. పూడ్చానని చెప్పాను, అది నిజం కాదు. ఇది వెరీనాకి ఇవ్వండి. దానికి కళ్ళున్నాయి. చేతిపని నేను నేర్పుతాను."

నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకే తెలియదు. తాళంచెవి అప్పటి నుంచీ నా దగ్గరే ఉంది.

బయటికి వచ్చాక డ్వేన్ నా పక్కన నడిచాడు. దాణా కొట్టు కిటికీలోంచి సోమవారం సోమవారం ఆకుపచ్చ ట్రక్కు కనిపించేదట. మరి చెప్పావు కాదేం అన్నాను.

"ఆ బండి వస్తున్నంతకాలం ఎవరి కాలూ మెలికపడదు కదా" అన్నాడు. "నేను నోరు తెరిస్తే రావడం మానేసేవాడు."

వీణ్ణి దొంగ అనుకున్నందుకు మర్నాడు ఒక రూబార్బ్ పై చేసి ఇచ్చాను. అందులో చక్కెర వెయ్యడం మరిచిపోయాను. డ్వేన్ మొత్తం తిన్నాడు.

ఆ ఏడాది చివరి ఆట ఆగస్టు ఆఖరి ఆదివారం. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. పొద్దున్నే నేను గొర్రు లాగాను. నాన్న నా వెనక వంగి నడుస్తూ అరచేత్తో నేలంతా తడిమాడు. రెండింటికి జనం నిండారు. నాన్న ఎప్పుడూ మూడో బేస్ వైపు, పెదనాన్నకు వీలైనంత దూరంగా కూర్చునేవాడు. ఆ రోజు మడతకుర్చీ చంకన పెట్టుకుని నేరుగా హోమ్ ప్లేట్ వెనక్కి వెళ్ళాడు. పెదనాన్న కర్రకుర్చీ పక్కన దాన్ని విప్పి కూర్చున్నాడు. సాసేజ్‌లు కాల్చే చోట నిలబడ్డ అమ్మ పటకారు ఎత్తిపట్టుకుని అలాగే ఉండిపోయింది. పెదనాన్న పుస్తకంలోంచి తలెత్తలేదు.

నాలుగు ఇన్నింగ్స్ అలాగే గడిచాయి. ఒకరి పక్కన ఒకరు, ఇద్దరూ ముందుకే చూస్తూ. ఒకాయనకు కనిపిస్తుంది, ఒకాయనకు కనిపించదు. నేను వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాను.

ఐదో ఇన్నింగ్స్‌లో అవతలివాడు కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ మా షార్ట్‌స్టాప్ దగ్గరికి పోయింది. గ్లవ్ అంచుకు తగిలి పక్కకు పోయింది. కొట్టినవాడు బేస్ చేరాడు. కొందరు హిట్ అన్నారు, కొందరు తప్పు అన్నారు. పెదనాన్న పెన్సిలు కాగితం మీద ఆనించి ఇంకా రాయలేదు.

నాన్న తల కొంచెం ఇటు తిప్పాడు.

"రాయేమన్నా తగిలిందా?"

"లేదు" అన్నాడు పెదనాన్న. "నీ గ్రౌండులో రాళ్ళెక్కడివి. కుర్రాడు వదిలేశాడు. తప్పే."

రాసుకున్నాడు. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. దిబ్బ మీద మా పిచ్చర్ ఇంకో బంతి వేశాడు, ఇంకోటి వేశాడు.

"ఆ రోజుది మాత్రం హిట్టే అన్నా" అన్నాడు నాన్న.

"అలాగే రాశాగా" అన్నాడు పెదనాన్న. ఒళ్ళో ఉన్న పొద్దుతిరుగుడు గింజల సంచి తమ్ముడి వైపు జరిపాడు.